బెంగళూరు మట్టి ఇటుక: రేటుకన్నా ముందు సిమెంటు శాతం అడగండి

హోసకోట, మాలూరు, సర్జాపుర వైపు ముప్పై-నలభై అడుగుల ఇంటి సైటు కొన్న తెలుగువాళ్లకు ఈమధ్య ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటుంది. "సాలిడ్ కాంక్రీటు బ్లాకులు మానేసి మట్టి ఇటుకలు వేయించండి. ఇల్లు చల్లగా ఉంటుంది, భూమికీ మంచిది." ఇందులో సగమే నిజం. ఏ సగమో తేల్చుకోకుండా లోడు దింపించుకోవద్దు.

కాల్చిన ఇటుక సంగతి కాదిది. ఎర్రమట్టిలో క్వారీ డస్టో (రాతిపొడి) ఎం-శాండో (రాయి నలగ్గొట్టి చేసిన ఇసుక), కొద్దిగా సిమెంటూ కలిపి, చేతి ప్రెస్సులో నొక్కి, కాల్చకుండా నీళ్లతోనే క్యూరింగ్ చేసిన దిమ్మ ఇది. ఇవి చేసి అమ్మే యార్డుల్లో ఎస్‌ఎంబీ (స్టెబిలైజ్డ్ మడ్ బ్లాక్) అంటారు. దీని పుట్టుక మన ఊళ్లోనే. పాత బెంగళూరువాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) 1974లో శాస్త్రవేత్త అమూల్య రెడ్డి చొరవతో, పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 'అస్త్ర' విభాగం మొదలైంది. అక్కడ సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ కె.ఎస్. జగదీశ్ తన పరిశోధనలో పెద్ద భాగాన్ని మట్టి గోడకే ఇచ్చారు. 'అస్త్రమ్' చేతి ప్రెస్సు ఆ విభాగంలో తయారైందే. ఏ గోడ కట్టడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో ఆయన, బి.వి. వెంకటరామ రెడ్డి కలిసి లెక్కగట్టి 2003లో ప్రచురించారు. ఇప్పుడు అమ్మేవాళ్లందరూ చెప్పుకునేది ఆ లెక్కే, కాకపోతే సగం చెప్పి ఆపేస్తారు.

ఆ లెక్క ప్రకారం ఒక ఘనమీటరు కాల్చిన ఇటుక గోడకు 2141 మెగాజూల్స్ పడుతుంది. 6 శాతం సిమెంటు కలిపిన మట్టి ఇటుక గోడకు 646 చాలు. మూడో వంతుకన్నా తక్కువ. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. అదే మట్టి ఇటుకలో సిమెంటు 8 శాతానికి పెరిగితే లెక్క 810కి ఎక్కుతుంది. 7 శాతం సిమెంటుతో చేసిన కాంక్రీటు హాలో (లోపల బోలుగా ఉండే) బ్లాకు గోడకు 819! తేడా ఏముంది? మట్టి ఇటుకలో శక్తి దాదాపు అంతా సిమెంటుదే కాబట్టి, "మాది పది శాతం సార్, రాయిలా ఉంటుంది" అని గొప్పగా చెప్పే యార్డులో మీరు కొనేది మట్టి రంగున్న సిమెంటు బ్లాకే. మట్టిని సరిగ్గా కుదుర్చుకోలేనివాళ్లే బలానికి సిమెంటు గుమ్మరిస్తారు.

మట్టి కుదరడమంటే ముఖ్యంగా బంకపాలు, అంటే జిగురుమట్టి (క్లే) ఎంతుందన్నది. కలిపిన మిశ్రమంలో బంక 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. మన ఎర్రమట్టిలో సాధారణంగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి డస్టు కలిపి ఆ పాలు తగ్గించాలి. ఎక్కువైతే ఇటుక ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది, తడిస్తే మెత్తబడుతుంది. మరీ తక్కువైతే అచ్చులోంచి పైకి లేపేటప్పుడే అంచులు రాలిపోతాయి. మీ సైటులో పునాది తవ్విన మట్టినే వాడదామనుకుంటే పైన అడుగున్నర, వేళ్లూ ఆకుకుళ్లూ ఉన్న పొర తీసేయండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, చిటికెడు ఉప్పు వేసి, నీళ్లు నింపి గిలక్కొట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే ఇసుక అడుగున, ఒండ్రు నడుమ, బంక పైన పేరుకుంటాయి. ఇది అంచనాకే. పెద్ద ఆర్డరైతే ల్యాబులో చూపించాల్సిందే. నల్లరేగడి అయితే ఈ పద్ధతిలో ఆశ వదులుకోండి.

యార్డుకు వెళ్లినప్పుడు ప్రెస్సు పక్కన తక్కెడ ఉందో లేదో చూడండి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అదే. చేతి ప్రెస్సులో అచ్చు కొలత మారదు, కాబట్టి ఇటుక సాంద్రత అందులో పోసిన మట్టి బరువును బట్టే ఉంటుంది. తూచకుండా పారతో చూపుమేరకు పోస్తే ఒకటి గట్టిగా, పక్కది గుల్లగా వస్తాయి. 230×190×100 మిల్లీమీటర్ల ఇటుక బాగా ఆరాక దాదాపు 8 కిలోలు తూగాలి. ఏడున్నరకు దిగితే వద్దనండి. తేమ చూడటానికి కలిపిన మట్టిని పిడికిట్లో గట్టిగా నొక్కి ఉండ చేసి, రొమ్ము ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదలాలి. నాలుగైదు ముక్కలైతే సరి. పొడిగా చెదిరితే నీళ్లు చాలలేదు, అప్పంలా అతుక్కుంటే ఎక్కువైంది. సిమెంటు కలిపిన మట్టి గంటలోపు అయిపోవాలి. భోజనాలయ్యాక పొద్దుటి కుప్ప మీద నీళ్లు చల్లి మళ్లీ నొక్కుతున్నారంటే ఆ సిమెంటు చచ్చినట్టే.

ల్యాబు రిపోర్టు చూపిస్తే అందులో ఉన్నది పొడి బలమా, తడి బలమా అని అడగండి. నానిన ఇటుక బలం పొడిదాంట్లో సగానికి, అంతకన్నా కిందికి కూడా పడుతుంది. అయినా చాలామంది చూపించేది పొడి అంకెనే. రెండంతస్తుల ఇంటికి తడి బలం చదరపు మిల్లీమీటరుకు 3 న్యూటన్లకు తగ్గకూడదు. రిపోర్టు లేకపోతే రెండు ఇటుకలు బకెట్లో రాత్రంతా నానబెట్టి మూల మీద బొటనవేలితో రుద్దండి. ఎర్రగా అంటుకుని మూల అరిగితే లోడు వెనక్కి పంపేయొచ్చు. క్యూరింగ్ 28 రోజులు. వేసవిలో పదో రోజుకే లారీ ఎక్కించేస్తారు. అలాంటివి గోడలోకి వెళ్లాక ముడుచుకుంటాయి, కిటికీ కింది మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి.

పైన చెప్పిన సైజు ఇటుకలైతే 190 మిల్లీమీటర్ల మందం గోడకు చదరపు మీటరుకు 37 పడతాయి. వంద చదరపు అడుగులకు విరిగేవి కూడా కలుపుకుని 360 చెప్పండి. యార్డుకో సైజు ఉంటుంది కాబట్టి ఇటుక రేటు కాదు, గోడ రేటు పోల్చుకోండి. కాంక్రీటు బ్లాకులకు అలవాటుపడిన మేస్త్రీలు బలమని 1:4 సిమెంటు మాలు (ఇటుకల మధ్య పెట్టే మోర్టార్) వేస్తారు. ఇక్కడది అనవసరం. మాలు ఇటుకకన్నా గట్టిదైతే పగులు అతుకులో ఆగక ఇటుకను చీల్చుకుంటూ పోతుంది. సిమెంటు ఒకటి, మట్టి రెండు, ఇసుక ఆరు పాళ్ల మాలు దీనికి బాగా పట్టుతుంది. పేర్చేముందు ఇటుకను కాసేపు నీళ్లలో ముంచి, పైతడి ఆరనివ్వాలి. ఎండుగా పెడితే మాలులో నీళ్లు పీల్చేస్తుంది, పూర్తిగా నానినది పెడితే జారుతుంది.

గోడ లేచాక వచ్చే ఫిర్యాదులు చాలావరకు అడుగు వరసలవే. వాన నేలను కొట్టి పైకి చిమ్మిన చోట రెండేళ్లకే అంచులు తింటుంది. సైజు రాయితో (చెక్కిన రాతి దిమ్మలతో) అడుగున్నర బేస్‌మెంటు, రెండడుగుల చూరు లేదా సన్‌షేడ్ ఉంటే ఆ గొడవ రాదు. మిద్దె నీళ్ల గొట్టం గోడ మీద కారకుండా చూసుకోండి. బయట ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింటు వేయొద్దు, లోపలి తేమ దారి దొరక్క పొక్కులు లేపుతుంది. సిలికోన్ వాటర్ రిపెల్లెంట్ చాలు, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఎలక్ట్రీషియన్ కట్టర్ పట్టుకుని అడ్డంగా గాడి కోయకముందే వైరింగ్ డ్రాయింగు అతని చేతిలో ఉండాలి. ఇంత చేసి చివర్లో రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయిస్తే ఇటుకలో మిగుల్చుకున్న సిమెంటంతా అక్కడ పోసినట్టే. ప్లాస్టరింగ్ తప్పదనుకునేవాళ్లు మామూలు బ్లాకులే కొనుక్కోవడం మేలు.

ఇక చల్లదనం. బరువైన గోడ పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుందంతే, ఆపదు. వేడిని ఆపడమే కావాలంటే ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో తేలిగ్గా ఉండే కాంక్రీటు దిమ్మ) దీనికన్నా ఎంతో నయం. బెంగళూరు పైఅంతస్తులో ఏప్రిల్ ఉక్కకు కారణం గోడ కాదు, ఎండలో కాగే స్లాబు. దానిమీద తెల్ల కోటింగో, నీడో ముందు చూడండి.

శక్తి లెక్కలోనూ స్లాబుది పెద్ద వాటా. అదే 2003 లెక్కలో మామూలు ఆర్‌సీసీ స్లాబు చదరపు మీటరుకు 730 మెగాజూల్స్, మధ్యలో మట్టి ఇటుకలు ఇమిడ్చి పోసే ఫిల్లర్ స్లాబు 590. ఇటుకలు ఆర్డరు చేసేటప్పుడే ఫిల్లర్‌కు కావలసినవి కూడా లెక్కలో కలిపి చెప్పండి. అంచు విరిగినవీ గోడకు పనికిరానివీ కొన్ని అక్కడ సర్దుకుంటాయి, కానీ గుల్లగా ఉన్నవి మాత్రం స్లాబులోకి కూడా పోనివ్వకండి.