అవెన్యూ రోడ్డు సందులో కలగలుపు హెచ్‌ఎంటీలు

బెంగళూరు అవెన్యూ రోడ్డుకు ఆనుకున్న సందులోని ఈ చిన్న దుకాణంలో పాత హెచ్‌ఎంటీ చేతి గడియారాలే ఎక్కువ. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో ఇదే నగరంలో మొదలైన ఫ్యాక్టరీ మూతపడి, అసలు విడిభాగాలు అరుదైపోవడంతో, ఒకదాని యంత్రానికి మరొకదాని కేసును (పై తొడుగును), కొత్తగా రంగు వేయించిన డయలును జతచేసి అమ్మడం బజారులో మామూలైపోయింది. ఇక్కడి యజమాని ఆ సంగతి దాచరు. అడగకముందే వెనుక మూత తెరిచి, ఏ భాగం అసలుదో, ఏది మార్చినదో భూతద్దం కింద చూపిస్తూ ఓపికగా తెలుగులోనే వివరిస్తారు.

నేను తీసుకున్న జనతా మోడల్ గడియారంలో కీ ఇచ్చి నడిపే 17 రాళ్ల (రాపిడి తగ్గించే చిన్న కెంపుల) యంత్రం అసలైనదే. డయలు మాత్రం తిరిగి అచ్చు వేయించినది కావడంతో అక్షరాల అంచులు కాస్త అలుక్కుపోయాయి. వేరే మోడల్ నుంచి తెచ్చిన సెకన్ల ముల్లు పొట్టిగా ఉండి నిమిషాల గీతలను అందుకోవడం లేదు. ఈ రెండు మార్పులనూ ఆయన బిల్లు మీద రాసి ఇచ్చారు, ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. రోజూ పెట్టుకోవడానికి ఇది నిక్షేపంలాంటి గడియారం. సేకరణకైతే అసలు డయలు ఉన్నది దొరికేదాకా ఆగడమే మేలు. కేసులోకి నీరు చేరకుండా రబ్బరు రింగు మార్చి ఇవ్వకపోవడం ఒక్కటే లోటు. వానలో వాడేవారు ఆ పని ముందే అడిగి చేయించుకోవాలి.