ఎర్ర కొండల్లో చక్రాల ఇల్లు

‘ఆర్‌వీలో, అదే పడక, వంటగది ఉన్న చక్రాల ఇంట్లో తిరిగితే హోటల్ ఖర్చు ఉండదు కదా’ అని తిరుపతిలో మా వీధివాళ్లు ఇప్పటికి నలుగురు అడిగారు. హోటల్ ఖర్చు ఉండదు, మిగతావన్నీ ఉంటాయి. 2025 మే నెలలో నేనూ మా ఆవిడా అమ్మాయి, అల్లుడితో అమెరికా వెళ్లి, లాస్ వేగాస్‌లో బండి తీసుకుని యూటా రాష్ట్రంలోని జాతీయ పార్కులు చూసివచ్చాం. రోజు అద్దె కాక మైలుకింత, జనరేటర్ నడిపితే గంటకింత. రాత్రి బండి ఆపుకునే చోటుకు మళ్లీ అద్దె. మా బండి యజమానులు దుప్పట్లకు కూడా విడిగా వసూలు చేశారు, అవి తువ్వాళ్లంత పలచగా ఉన్నాయి.

మొదటి పార్కు జయాన్‌కు ఆర్‌వీ దండగ. అసలు చూడవలసిన లోయలోకి ఏడాదిలో ఎక్కువ భాగం సొంత బండ్లను రానివ్వరు, పార్కు బస్సులోనే వెళ్లాలి. మన బండి క్యాంపులో కూర్చుంటుంది. అక్కడి ‘వాచ్‌మన్’ అనే క్యాంపు మాత్రం బాగుంది: కరెంటు, పక్కనే నది. ఆరు నెలల ముందు బుకింగ్ తెరిచిన క్షణంలో, శ్రీవారి దర్శనం టికెట్లకు కూర్చున్నట్టు కూర్చుని అమ్మాయి చోటు సంపాదించింది.

జయాన్ నుంచి తూర్పుకు వెళ్లే దారిలో 1930 నాటి సొరంగం ఉంది, 1.1 మైళ్లు. మన కొండకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి ఎదురు బండి భయం నాకు తెలియదు. మేం వెళ్లినప్పుడు అక్కడ పెద్ద బండ్ల కోసం ఎదురు వాహనాలను ఆపి, రోడ్డు మధ్యలో పోనిచ్చేవారు, అందుకు 15 డాలర్లు. 2026 మధ్య నుంచి పెద్ద బండ్లను అటు రానివ్వబోమని పార్కువాళ్లు ముందే ప్రకటించారు. చుట్టుదారి లెక్క వేసుకోండి.

తర్వాతి పార్కు బ్రైస్‌లో ఆర్‌వీ విలువ తెలిసింది. తెల్లవారుజామున తలుపు తీసి పది నిమిషాలు నడిస్తే లోయ అంచు, కింద వేల ఎర్ర రాతి స్తంభాలు. ఎత్తు 8,000 అడుగులు, హార్స్‌లీ హిల్స్‌కు దాదాపు రెట్టింపు. నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంట గడిచినా పలుకుపలుకుగానే ఉంది. తిరుపతి నుంచి మోసుకొచ్చిన కుక్కర్‌ను చూసి నవ్విన అల్లుడే, నాలుగు విజిళ్లయ్యాక పప్పుచారు రెండుసార్లు వడ్డించుకున్నాడు. క్యాంపులో కరెంటు లేదు. హీటరు గ్యాసుతో మండుతుంది కానీ దాని ఫ్యాను బ్యాటరీ తాగేస్తుంది. మూడింటికి అది ఆగిపోయింది. తెల్లారేదాకా నలుగురం ఒకే మంచం మీద. రాత్రివేళ జనరేటర్ పెట్టకూడదు మరి. ఉదయం మురుగు ట్యాంకు ఖాళీ చేసే పని మామగారికి చెప్పలేక, చేతికి తొడుగులు వేసుకుని అల్లుడే గొట్టం పట్టుకున్నాడు.

క్యాపిటల్ రీఫ్ పార్కులో పాత పండ్లతోటలున్నాయి. పండ్ల కాలమైతే తోటలో నిలబడి తిన్నంత ఉచితమట. మేం వెళ్లేసరికి అన్నీ పచ్చికాయలే. ఇంటి దగ్గరేమో మామిళ్లు వచ్చేసే రోజులు.

ఆర్చెస్ పార్కులో రెండు వేలకు పైగా రాతి తోరణాలున్నాయి. వాటిలో పేరున్న డెలికేట్ ఆర్చ్ దగ్గరికి రానుపోను మూడు మైళ్లు. అలిపిరి మెట్లు అలవాటైన మా ఆవిడ ముందు నడిచింది, నేను సగంలో ఒక బండ మీద కూలబడ్డాను. తిరిగి వచ్చి, ‘‘ఏమండీ, మన శిలాతోరణానికి నాలుగైదు రెట్లు ఎత్తుంది. అక్కడైతే కంచె బయటి నుంచి చూసి వచ్చేస్తాం, ఇక్కడ కింద నిలబడి ఫోటో దిగాను’’ అంది.