వరంగల్, హన్మకొండ వైపు చవక కట్టె కొనేవాళ్లు ఇది చదివి కొనండి

మొన్న బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు ఇంటి దగ్గరే వంట పెట్టిద్దామని హన్మకొండలో ఒక అడితిలో ఐదు క్వింటాళ్ల కట్టె తీసుకున్నాను. అందరూ కిలో తొమ్మిది రూపాయలు చెప్తుంటే ఇతను ఆరుకే ఇస్తానన్నాడు, అనుమానం అక్కడే రావాల్సింది. "కూలింగ్ టవర్ విప్పిన కట్టె సార్, భగ్గుమంటది" అన్నాడు (ఫ్యాక్టరీల్లో వేడి నీళ్లు చల్లార్చే టవర్ అన్నమాట). భగ్గుమంది, అందులో అబద్ధం లేదు.

గంట కాకముందే వంటాయన కళ్లు మంట, గొంతు గరగర అన్నాడు. మంట అంచున ఆకుపచ్చ రంగు కనిపిస్తుంటే పిల్లలు సంబరంగా చూస్తున్నారు. సాయంత్రం భోజనానికి వచ్చిన పక్కింటి కెమిస్ట్రీ లెక్చరర్ ఒక దుంగ చీల్చి చూసి, లోపల కూడా లేత ఆకుపచ్చగా ఉండేసరికి, ముందు పొయ్యి ఆర్పండి అని కేకేశాడు.

చెదలు పట్టకుండా, నీళ్లలో కుళ్లకుండా ఇలాంటి కట్టెకు క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన మందు ఒత్తిడితో లోపలిదాకా ఎక్కిస్తారట. కనిపెట్టింది డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం గారు, 1933లో. మందు గొప్పదే, కానీ అది నిలబెట్టే కట్టెకు, పొయ్యిలో పెట్టే కట్టెకు కాదు. అమెరికాలో 2003 ఆఖరుకే ఇళ్ల పనులకు ఈ కట్టె తయారీ ఆపేశారు. కాలిస్తే ఆర్సెనిక్ కొంత పొగలో పోతుంది, మిగతాది, క్రోమియం, రాగితో సహా బూడిదలో చేరుతుంది. కట్టె కాలిపోయి లోహం మిగులుతుంది కాబట్టి బూడిదే ఎక్కువ విషం, వాసన ఉండదు, రుచి ఉండదు.

ఇక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. మా అమ్మ అప్పటికే రెండు తట్టల బూడిద వంకాయ మడిలో చల్లింది, గిన్నెలు తోమడానికి ఒక డబ్బా పక్కన పెట్టింది. మాస్కు కట్టుకుని, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి, పైమట్టితో సహా ఎత్తి సంచుల్లో కట్టాం. ఆ మడిలో కాయలు తినడం లేదు.

బోల్టు రంధ్రాలు, వరసగా చిన్న చిన్న గాట్లు ఉంటే తీసుకోకండి. పైన ఎండకు బూడిద రంగు తిరుగుతుంది, కోసి లోపల ఆకుపచ్చగా ఉందేమో చూడండి. కమురు వాసన కొట్టే పాత రైలు స్లీపర్లూ వద్దు, వాటి మందు వేరే.

అడితి ఆయన్ని అడిగితే "కట్టె కట్టెనే కద సార్, మండిందా లేదా" అన్నాడు. మిగిలిన రెండు క్వింటాళ్లు తాటిపత్రి కప్పి పెట్టాను. ఊరికే ఇస్తే తీస్కపోతామని ఇద్దరు అడిగారు, ఇవ్వలేదు.