బర్స్ట్ జనరేటర్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

ఫోన్ కొడితే పొలంలో మోటారు ఆన్ అయ్యే స్టార్టర్లు తయారుచేసే చిన్న యూనిట్ మాది. డిజైన్ మార్చిన ప్రతిసారీ ల్యాబ్‌కి గంటల లెక్కన డబ్బు కట్టలేక, ఐఈసీ 61000-4-4 పరీక్షకి (వైర్లలో వచ్చే విద్యుత్ అలజడిని పరికరం తట్టుకుంటుందా అని చూసే అంతర్జాతీయ ప్రమాణం) ఒక బర్స్ట్ జనరేటర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం.

కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే, తెంచే పెద్ద స్విచ్) కాయిల్ ఆఫ్ అయినప్పుడు వైర్లలోకి దూరే స్పార్కుల అలజడినే ఇది కావాలని పుట్టిస్తుంది. ఒక్కో పల్స్ 5 నానోసెకన్లలో లేస్తుంది, వెడల్పు 50 నానోసెకన్లు. 5 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 5 వేల పల్సుల వేగంలో అయితే 15 మిల్లీసెకన్లలో 75 పల్సులు, 300 మిల్లీసెకన్లకోసారి మళ్లీ అదే వరస. మా బాక్సులోనే కాంటాక్టర్ కూర్చుని ఉంటుంది కాబట్టి మాకు ఇంతకన్నా పనికొచ్చే పరీక్ష ఇంకోటి లేదు.

దీంతో అసలు లాభం క్లాంప్ (లోపల పెట్టిన వైర్లలోకి, వాటిని తెంచకుండానే పల్సుల్ని ఎక్కించే సాధనం) వల్లే. కరెంటు వైపు 2 కేవీ (కిలోవోల్టులు) ఇచ్చినా చలించని బోర్డు, సెన్సార్ వైర్లని ఆ మీటరు పొడవు క్లాంప్‌లో పెట్టి 1 కేవీ ఇస్తే రీసెట్ అయిపోయేది. వైరు బాక్సులోకి వచ్చే చోటే చిన్న కెపాసిటర్‌తో బాడీకి దారి ఇచ్చాక ఆగింది. వైరుకి అలజడి తగ్గించే ఫెర్రైట్ పూసలు ఎన్ని తొడిగినా అంత ఫలితం రాలేదు. 5 కిలోహెర్ట్జ్‌లో పాసైందని వదిలేయకండి, 100 కిలోహెర్ట్జ్‌లో కూడా చూడండి. బయట జరిగేదానికి అదే దగ్గర.

చిరాకులూ ఉన్నాయి. ఆన్ చేయగానే షెడ్డులో ఆర్‌సీసీబీ (ఎర్త్‌కి కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోయేది. పల్సుల్ని కరెంటు వైర్లలోకి పంపే లోపలి కప్లింగ్ కెపాసిటర్ల నుంచి ఎర్త్‌కి పోయే కరెంటే కారణం. మెయిన్ లైను నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాకే కుదిరింది, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. సాఫ్ట్‌వేర్‌కి సీరియల్ పోర్ట్ ఉన్న పాత కంప్యూటర్ కావాలి. పల్స్ ఆకారం చూపే ఆసిలోస్కోప్‌కి మామూలు ప్రోబ్ పెడితే పల్స్ సరిగా కనబడదు, వోల్టేజీ తగ్గించి ఇచ్చే 50 ఓమ్‌ల అటెన్యుయేటర్ విడిగా కొనాలి. కింద రేకు పరిచి, దాని మీద బాక్సుని 10 సెంటీమీటర్లు ఎత్తులో పెట్టకపోతే ఈరోజు వచ్చిన ఫలితం రేపు రాదు. అమ్మేవాళ్లు ఈ రేకు మాట ఎత్తరు.

సర్టిఫికెట్‌కి ఇది పనికిరాదు, దానికి గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టే కావాలి. రేడియేటెడ్ పరీక్షకైతే (గాలిలో వ్యాపించే రేడియో తరంగాలది) బయటి తరంగాలు రాని చాంబర్ తప్పదు, చెన్నైలోని సమీర్ అనే ప్రభుత్వ ల్యాబ్ లాంటి చోటికి వెళ్లాల్సిందే. కాంటాక్టర్, రిలే ఉన్న బోర్డులు చేసేవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న గాడ్జెట్లు చేసేవాళ్లయితే ఆ డబ్బు ముందు ఈఎస్‌డీ గన్ (చేత్తో ముట్టుకున్నప్పుడు వచ్చే స్టాటిక్ షాక్‌ని పుట్టించే పరికరం) మీద పెట్టండి.