‘గోస్’ అనాలా, ‘ఈజ్ గోయింగ్’ అనాలా: ఏది మేలు?

తిరుపతి బస్టాండులో తిరుమల బస్సు ఎక్కడ ఎక్కాలని ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే, మనకు ఠక్కున నోటికొచ్చేది "బస్ ఈజ్ గోయింగ్ ఫ్రమ్ హియర్". బస్సు కళ్లముందు కదులుతుంటే అది సరైనదే. రోజూ ఇక్కణ్నుంచే పోతుందని చెప్పాలంటే మాత్రం "బస్ గోస్ ఫ్రమ్ హియర్" అనాలి.

మన యాసలోనే దీనికి మంచి కొలత ఉంది. ‘పోతాది’ అనిపిస్తే క్రియ చివర ఎస్ (గోస్), ‘పోతా ఉండాది’ అనిపిస్తే ఇంగ్ (ఈజ్ గోయింగ్). చాలాచోట్ల ఇది పనిచేస్తుంది. తప్పేది ఉద్యోగాల దగ్గర. "మా నాయన డ్రైవరుగా పనిచేస్తా ఉండాడు" అంటాం కదా, అదే ఇంటర్వ్యూలో "ఈజ్ వర్కింగ్" అయిపోతుంది. స్థిరమైన పనికి "మై ఫాదర్ వర్క్స్ యాజ్ ఎ డ్రైవర్" మేలు. "ఈజ్ వర్కింగ్" అంటే ప్రస్తుతానికి చేస్తున్నాడన్న అర్థమూ రావచ్చు.

తెలుసు, కావాలి లాంటివి స్థితిని చెప్పే మాటలు. "ఐ యామ్ నోయింగ్" తప్పు, "ఐ నో" చాలు. హ్యావ్ సంగతి వేరు: "షీ హ్యాజ్ టూ సన్స్" అనాలి, కానీ భోంచేస్తుంటే "షీ ఈజ్ హ్యావింగ్ లంచ్" సరైనదే.

రెంటిలో ముందు ఏది నేర్చుకోవాలంటే, ఎస్ అనే చెబుతాం. బస్సు వేళలు, గుడి పద్ధతులు, ఉద్యోగ బాధ్యతలు అన్నీ దానితోనే నడుస్తాయి. పైగా జారిపోయేదీ అదే. తెలుగులో పోతాను, పోతావు, పోతాడు అని ప్రతి మనిషికీ ఒక ప్రత్యయం. ఇంగ్లీషు వర్తమానంలో హీ, షీ, ఇట్‌లకు మాత్రమే ఎస్. అందుకే "హీ గో" అనేస్తాం. పలకడంలోనూ తేడా ఉంది: వర్క్ తర్వాత స్, డ్రైవ్ తర్వాత జ్, టీచ్ తర్వాత ఇజ్. రాసేటప్పుడు క్యారీలో చివరి వై పోయి ఐ, ఈ, ఎస్ చేరతాయి. ప్లేలో వై ముందు అచ్చు ఉంది కాబట్టి ఎస్ ఒక్కటే చాలు.

"హీ డజంట్ గోస్" అనకండి. ఎస్ అప్పటికే డజ్‌లో చేరిపోయింది, కాబట్టి "హీ డజంట్ గో". ఇంగ్ వాడితే యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి తప్పనిసరి. "హీ గోయింగ్" అంటే వాక్యం కాదు.

రేపటి సంగతికి రెండూ పనికొస్తాయి. టైంటేబుల్ ప్రకారమైతే "ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో", మనం వేసుకున్న ఏర్పాటైతే "వియ్ ఆర్ లీవింగ్ టుమారో".