తిరుపతిలో ‘మెట్రో స్టేషన్ పక్కన ప్లాట్లు’: అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

రేణిగుంట వైపు ఒక లేఅవుట్‌లో 50 అంకణాల ప్లాటుకు గత నెల 2 లక్షల రూపాయలు అడ్వాన్సు కట్టాను. ఇప్పుడు ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి తిరుగుతున్నాను. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో స్థలం కొనే ఆలోచనలో ఉన్నవారు నాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

ఆదివారం బస్టాండు దగ్గర వ్యాను ఎక్కించుకుని సైటుకు తీసుకువెళ్ళారు. చేతికిచ్చిన రంగుల కరపత్రంలో రేణిగుంట విమానాశ్రయం నుంచి అలిపిరి దాకా ఒక ఎర్రని గీత, ఆ గీత మీద స్టేషన్ల పేర్లు, మా ప్లాటు దగ్గర ‘మెట్రో స్టేషన్‌కు 300 మీటర్లు’ అన్న అక్షరాలు ఉన్నాయి. "సార్, రెండేళ్ళలో పిల్లర్లు లేస్తాయి, అప్పుడు అంకణం ఈ రేటుకు దొరకదు" అని ఏజెంటు చెప్పాడు. హైదరాబాద్ మెట్రో రాకముందే మియాపూర్‌లో స్థలం కొన్నవాళ్ళ సంగతి కూడా ఎత్తాడు. పక్క లేఅవుట్‌లో అంకణం 8,500 రూపాయలుండగా ఇక్కడ 12,000 అడిగారు. అంటే నా ప్లాటు మీద కేవలం ఆ ఎర్రగీత ఖరీదు 1,75,000 రూపాయలు.

నేను నమ్మడానికి కారణం లేకపోలేదు. రోజూ వేలాది భక్తులు రైల్వేస్టేషన్, బస్టాండు, అలిపిరి మధ్య తిరిగే ఊరు మనది. ఇక్కడ మెట్రో వస్తుందంటే ఎవరికైనా సబబుగానే తోస్తుంది. అయితే సబబుగా తోచడం వేరు, మంజూరు కావడం వేరు. కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో విధానం ప్రకారం ముందు నగర సమగ్ర రవాణా ప్రణాళిక ఉండాలి, ప్రత్యేక బస్సు మార్గాలు, ట్రాము వంటి వాటితో పోల్చి చూసి మెట్రోయే తగినదని తేలాలి, ఆ తర్వాత సమగ్ర ప్రాజెక్టు నివేదిక, రాష్ట్ర ఆమోదం, కేంద్ర ఆమోదం రావాలి. స్టేషన్ ఏ సర్వే నంబరు దగ్గర వస్తుందన్నది ఆ నివేదిక తయారయ్యాకే తెలుస్తుంది. కాబట్టి నివేదిక చూపకుండా ‘300 మీటర్లు’ అని కొలిచి చెప్పడం కుదిరే పని కాదు. నేను ఆ నివేదిక అడిగితే శ్రీనివాస సేతు ఫొటో చూపించారు. అది బస్సులు, కార్లు వెళ్ళే రోడ్డు వంతెన.

2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో మెట్రో సాధ్యాసాధ్యాల పరిశీలనకు పేర్కొన్నవి విశాఖపట్నం, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతాలు. పదేళ్ళు దాటినా అక్కడే ఇంకా రైలు తిరగలేదు. హైదరాబాద్‌లో 2010లో ఒప్పందం కుదిరితే తొలి రైలు నడిచింది 2017 నవంబరులో. రెండేళ్ళ మాట విన్నప్పుడే నాకు ఇది గుర్తుకు రావలసింది.

ఇంటికి వచ్చి రసీదు నిదానంగా చదివితే అందులో మెట్రో ప్రస్తావనే లేదు. కింద మాత్రం ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. కరపత్రం మీద కూడా స్టేషన్ పేరు పక్కన ‘ప్రతిపాదిత’ అన్న మాట భూతద్దంతో చూస్తే గాని కనిపించదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద ఇచ్చే నమోదు నంబరు ఉండవలసిన చోట ‘దరఖాస్తు చేయబడినది’ అని రాశారు. నిజానికి 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వడానికే వీల్లేదు. అమ్మకం ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోవడాన్ని అదే చట్టం 13వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆ లెక్కన నా ప్లాటుకు 60,000 దాటకూడదు. నా దగ్గర 2 లక్షలు తీసుకున్నారు. ప్రకటనలోని తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టినవారు వడ్డీతో సహా వెనక్కి కోరవచ్చని 12వ సెక్షన్ చెబుతోంది. ఈ సెక్షన్ల ఆధారంగానే ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను.

ఎవరైనా మెట్రో పేరు చెప్పి స్థలం చూపిస్తే, వ్యాను ఎక్కక ముందే రెరా నంబరు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుట్ నంబరు అడిగి, రెండూ స్వయంగా సరిచూసుకోండి. సర్వే నంబరు నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ కార్యాలయంలో కనుక్కోండి, ఆ స్థలం మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. మెట్రో మాటను అమ్మకం ఒప్పందంలో రాసి సంతకం పెట్టమనండి. నన్ను అడ్వాన్సు కట్టమని తొందరపెట్టినవాళ్ళు ఈ ఒక్క మాటకు వెనక్కి తగ్గారు. ఇప్పటికే కట్టినవారు కరపత్రం, రసీదు, ఫోన్లో వచ్చిన సందేశాలు పారేయకుండా భద్రపరచుకోండి. ఫిర్యాదుకు ఆధారం అవే.