జాగ్రత్త: సెకండ్‌హ్యాండ్ లైనక్స్ ల్యాప్‌టాప్ కొంటే పాతవాళ్ల నెట్‌వర్క్ ప్రొఫైళ్లు కూడా మీ చేతికొస్తాయి

లైనక్స్ వేసిన వాడిన ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లు "అంతా క్లీన్ చేసి కొత్త యూజర్ పెట్టాం" అంటే ఒక్క మాట అడగండి: ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశారా, పాత యూజర్‌ని తీసేసి ఊరుకున్నారా? రెండోదే అయితే తీసుకోకండి. తీసుకున్నా నెట్‌కి కలపకండి.

లైనక్స్‌లో నెట్ కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ తన ప్రొఫైళ్లను, అంటే ఒక్కో కనెక్షన్ సెట్టింగులను, యూజర్ హోమ్‌లో దాచదు. ఈటీసీ (/etc, సిస్టమ్ సెట్టింగుల ఫోల్డర్) కింద నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్‌లో, సిస్టమ్-కనెక్షన్స్ అనే చోట పెడుతుంది. ఉబుంటు 23.10 నుంచి అయితే ఈటీసీలోని నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో, 90-ఎన్‌ఎం అని మొదలయ్యే ఫైళ్లలో ఉంటాయి. యూజర్‌ని తీసేసినా వీటికి ఏమీ కాదు. చాలావరకు వైఫై పాస్‌వర్డులు కూడా అందులో మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. పర్మిషన్ 600 కాబట్టి రూట్ (సిస్టమ్ అంతటి మీదా అధికారం ఉన్న ఖాతా) తప్ప ఎవరూ చదవలేరు, కానీ ఇప్పుడా రూట్ మీరే. అవతలివాళ్ల పాస్‌వర్డ్ మీ కంట పడిందంటే, రేపు మీరు అమ్మినప్పుడు మీదీ అలాగే ఇంకొకరి కంట పడుతుంది.

అసలు ప్రమాదం వైర్‌గార్డ్ అనే వీపీఎన్ రకం ప్రొఫైల్‌తో. మామూలు వీపీఎన్ ప్రొఫైల్ మనం నొక్కితేనే లేస్తుంది. వైర్‌గార్డ్‌ని నెట్‌వర్క్‌మేనేజర్ ఒక డివైజ్‌లా చూస్తుంది కాబట్టి, ఆటోకనెక్ట్ ఆపకపోతే బూట్ కాగానే దానంతటదే లేస్తుంది. అలౌడ్ ఐపీల్లో (ఏ అడ్రసులకు వెళ్లే ట్రాఫిక్ దీని గుండా పోవాలో చెప్పే సెట్టింగ్) 0.0.0.0/0, అంటే అన్ని ఐపీవీ4 అడ్రసులూ, ఉండి, అవతలి సర్వర్ ఎప్పుడో మూతపడి ఉంటే, వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. వైఫై కార్డు పాడైందని కార్డు మార్చుకునేది ఇక్కడే. కార్డు జోలికి వెళ్లే ముందు టెర్మినల్‌లో 'సుడో డబ్ల్యూజీ షో' (sudo wg show) కొట్టండి. పంపిన డేటా పెరుగుతూ, అందింది సున్నా దగ్గరే ఉండి, లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (అవతలి సర్వర్‌తో చివరిగా కనెక్షన్ కుదిరిన సమయం) లైనే లేకపోతే దోషం కార్డుది కాదు. సర్వర్ ఇంకా నడుస్తుంటే మరీ ఘోరం: నెట్ బాగానే వస్తుంది, మీ ట్రాఫిక్ అంతా ముక్కూమొహం తెలియనివాళ్ల మీదుగా పోతుంది.

ఆ వైర్‌గార్డ్ ప్రొఫైల్‌ని డౌన్ చేసి ఆపితే సరిపోదు, రీబూట్ అయ్యాక మళ్లీ లేస్తుంది. డిలీట్ చేయాల్సిందే. ముందు 'సుడో ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ షో' (sudo nmcli connection show) అని లిస్టు తీయండి. సుడో (కమాండ్‌ని రూట్ హోదాలో నడిపేది) మరవద్దు: పాత యూజర్ ఒక్కడికే పరిమితం చేసిన ప్రొఫైళ్లు అది లేకపోతే లిస్టులో కనిపించవు. ఒకే పేరుతో రెండు మూడు ఉండొచ్చు కాబట్టి పేరుతో కాక యూయూఐడీతో (లిస్టులో ఒక్కో ప్రొఫైల్‌కి ఉండే పొడవాటి గుర్తింపు కోడ్) 'కనెక్షన్ డిలీట్' (sudo nmcli connection delete) ఇవ్వండి.

వైఫైలో అంతా బాగుండి, కేబుల్ పెట్టగానే నెట్ పోతుంటే పాత వైర్డ్ ప్రొఫైల్‌లో ఐపీవీ4 మెథడ్ మాన్యువల్ (అడ్రస్ చేత్తో పెట్టినది) అని ఉందేమో, పాత ఆఫీసు అడ్రస్, డీఎన్ఎస్ అందులో ఉండిపోయాయేమో చూడండి. పాస్‌వర్డ్ లేని వైఫై ప్రొఫైళ్లను అసలు ఉంచకండి. అదే పేరుతో ఎవరు హాట్‌స్పాట్ పెట్టినా ల్యాప్‌టాప్ అడక్కుండా అతుక్కుంటుంది.

ప్రొఫైళ్లన్నీ తీసేశాక ఈటీసీ కింద నెట్‌వర్క్‌మేనేజర్‌లోని డిస్పాచర్.డి (dispatcher.d) ఫోల్డర్ కూడా తెరవండి. కనెక్షన్ లేచిన ప్రతిసారీ అందులోని స్క్రిప్టులు రూట్ హోదాలో నడుస్తాయి. మీకు తెలియని స్క్రిప్టు ఒక్కటి కనిపించినా ఇక ఏరుకుంటూ కూర్చోకండి, డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి ఓఎస్ మళ్లీ వేయండి. ఇన్‌స్టాలర్ ఐఎస్ఓ ఫైల్‌ని డిస్ట్రో (ఉబుంటు లాంటి లైనక్స్ రకం) సొంత సైట్ నుంచే దించి, ఫైల్ మారలేదని తేల్చే ఎస్‌హెచ్‌ఏ256 కోడ్ సరిచూసుకోండి. అమ్మినవాళ్లు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో మాత్రం వేయకండి.